కూటికి రాని విద్యలు

“కోటి విద్యలూ కూటికొరకే” అన్న మహానుభావుడెవరో గానీ, ఆడవాళ్ళ చేతిపనికి ఆయన చేసినంత అపకారం ఇంకెవరూ చెయ్యలేదనిపిస్తుంది నాకు. క్రోషియా సూది పట్టుకుని అరుగుమీద కూచుంటే చాలు, వీధిన పోయేవాళ్ళ మొదటి ప్రశ్న “అమ్ముతారాండీ, ఎంతొస్తుందేంటి?” అమ్మనండీ అంటే, “మరెందుకండీ, కళ్ళు పాడవడానికి కాకపోతే?” అని రెండోది. మగవాళ్ళు టీకొట్టు దగ్గర రెండు గంటలు పేపరు తిరగేస్తే, దానివల్ల ఎంత గిట్టిందని ఎవరైనా అడిగారా?

అమలాపురంలో మేం కొందరం ఓ గది చూసుకుని, తలా కొంత వేసుకుని, రెండు కుట్టుమిషన్లూ, ఓ చిన్న మగ్గమూ, నాలుగు బల్లలూ పెట్టుకుందామనుకుంటున్నాం. సరదా ఉన్నవాళ్ళు వచ్చి నచ్చింది చేసుకుని పోతారు. లాభం మాట లేదు. ఈ సంగతి చెవినబడగానే పెద్దమనుషులు సలహాలు మొదలెట్టారు. “ఉపాధి శిక్షణ అని బోర్డు పెట్టండమ్మా, సబ్సిడీ వస్తుంది” అని ఒకరు. “తయారైనవి ఎగ్జిబిషన్‌లో అమ్మండి” అని ఇంకొకరు. సరిగ్గా ఇక్కడే నాకు పేచీ.

సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. మిషనరీలు నేర్పిపోయిన లేసు అల్లిక ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటా పాకింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త ఆ స్త్రీల గురించి పుస్తకమే రాసింది. ఇంటి చాకిరీ కాక రోజుకి 6 నుంచి 8 గంటలు అల్లేవారట. సరుకు విదేశాలకి పోయేది. అల్లినవాళ్ళ చేతికొచ్చేది మాత్రం చిల్లర. ఎందుకయ్యా అంటే, వాళ్ళు పనివాళ్ళు కారట, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులట! చూశారా మాట గారడీ? అక్కడ చాకిరీకి కాలక్షేపమని పేరుపెట్టి కూలి ఎగ్గొట్టారు. ఇక్కడ నిజంగా కాలక్షేపానికి చేసుకుంటామంటే ఉపాధి అని పేరు పెట్టమంటున్నారు. ఆడదాని తీరికని దాని అసలు పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాదు.

అందుకే మా గదిలో అమ్మకం ఉండకూడదంటాను. ఇది గొప్పకి అంటున్న మాట కాదు. మొగుడి జీతం మీద సుఖంగా కూచున్న నాబోటిది టేబిలు క్లాత్ అల్లి, దారం ఖరీదు వస్తే చాలులే అని అమ్మేసిందనుకోండి. అదే పని మీద పిల్లల ఫీజులు కట్టుకునే మనిషి ధర ఏమవుతుంది? 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు పక్కన మన “ఊరికే ఇచ్చేస్తున్నానండీ” సరుకు పెట్టి బేరం పాడుచెయ్యడమెందుకు? అక్కకో, మనవరాలికో ఇచ్చుకోండి, కాదనను.

“మరి ఇది కలిగినవాళ్ళ క్లబ్బేగా?” అని ఎద్దేవా చేసేవాళ్ళూ ఉన్నారు. కాకూడదనే నా తాపత్రయం. లేసుపనిలో పువ్వులల్లేవాళ్ళు వేరు, వాటిని అతికేవాళ్ళు వేరు. ఏళ్ళ తరబడి ఒకటే పువ్వు అల్లే మనిషికి, మొత్తం గుడ్డ తన ఊహలోంచి అల్లుకోవాలని ఉండదా? అసలు సరదా వాళ్ళకే ఎక్కువ బాకీ. నెలకి వంద రూపాయలు పెడదామనుకున్నాం. ఇవ్వలేనివాళ్ళు గది ఊడిస్తే సరిపోతుందని ఒకావిడ ఎంతో ఉదారంగా సెలవిచ్చింది. వద్దమ్మా ఆ ఉదారం! ఊడవడం వంతులవారీగా అందరిదీ, డాక్టరుగారి భార్యదీ నాదీ కూడా. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వరు, అంతే. ఆ పేర్లు పుస్తకంలో ఎక్కవు.

లెక్క కుదురుతుందా అంటే, కష్టంగానే కుదురుతుంది. సూదులు విరుగుతాయి, బెల్టులు తెగుతాయి, కరెంటు బిల్లు ఆగదు. అన్నిటికంటే నడుం విరిచేది అద్దె. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదండీ. నవల చదివినావిడని దీనివల్ల నీకెంత ఆదాయం వచ్చిందని గ్రంథాలయంలో ఎవరూ నిలదియ్యరు. (నిలదీస్తే నా పుస్తకాలు ముట్టేవాళ్ళే ఉండరు!) కళ్ళకి దొరికిన ఆ మర్యాద చేతులకెందుకు దొరకదు? ఆస్ట్రేలియాలో రిటైరైన మగవాళ్ళు ఊరుమ్మడి షెడ్లలో చేరి చెక్కపని చేసుకుంటారు. మెన్స్ షెడ్లంటారు వాటిని. ప్రభుత్వం కూడా చెయ్యేస్తుంది. మన రిటైర్డ్ మాస్టార్లు కూడా రావచ్చు, అభ్యంతరం లేదు, చీపురు వంతు వాళ్ళకీ ఉంటుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట – మూడుచోట్లా గ్రంథాలయాల పక్కన ఒక్కో గది ఇప్పించమని అర్జీ రాస్తున్నాం. అద్దె నామమాత్రంగా పెడితే కడతాం. “ప్రయోజనం” అన్న గడిలో ఏం రాయాలని కుర్రాడు అడిగాడు. సరదా అని రాయమన్నాను.