చంకలో బిడ్డ, ఊరంతా వెదుకులాట

చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు అని మనవారు ఒక సామెత చెబుతారు. మతిమరపు మనిషిని ఎగతాళి చేయడానికి పుట్టిన ఆ మాట ఈ మధ్య నాకు వేరొక సందర్భంలో పదే పదే గుర్తుకు వస్తున్నది. ఇచ్ఛాపురంలోని నా వైద్యశాలకు వచ్చే తల్లులు మందుల సంగతి ముగిసిన తరువాత సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించి, "బిడ్డను ఒంటికి కట్టుకొనే ఈ బేబీ క్యారియర్లలో ఏది కొనమంటారు?" అని అడుగుతున్నారు. వెల చూడబోతే కొన్ని వందల రూపాయల నుండి కొన్ని వేల వరకు ఉన్నది. ఏది మంచిదో తెలుసుకొనడానికి ఊరంతా వెదకనక్కరలేదని, ఒకసారి తమ చంక వంక చూచుకొంటే చాలునని నా అభిప్రాయం. అయితే ఈ అభిప్రాయానికి నేను తిన్నగా రాలేదు.

తొలిసారి ఈ ప్రశ్న అడిగినది ఒక పాఠశాల ఉపాధ్యాయిని. నేను కసురుకొన్నాను. "బిడ్డ ఏమన్నా వంకాయలా అమ్మా, సంచిలో వేసుకొని తిరగడానికి?" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "మా అత్తగారు మంచం మీద ఉన్నారు వైద్యులుగారూ. ఆయన ఉద్యోగం సూరత్‌లో. వీడిని దించితే ఏడుస్తాడు, ఎత్తుకొంటే వంట సాగదు. ఏ చేత్తో ఎత్తుకొని ఏ చేత్తో గంజి వార్చమంటారో మీరే చెప్పండి" అన్నది. నా వద్ద సమాధానం లేదు. అమ్మమ్మ, నానమ్మ, మేనత్త, పొరుగింటి పెద్దమ్మ కలిసి పది చేతులతో ఒక బిడ్డను మార్చి మార్చి ఎత్తుకొన్న రోజులను మనసులో పెట్టుకొని నేను మాట్లాడినాను. ఆ పది చేతులు ఈనాడు మన ఉద్దానంలో ఎన్ని ఇండ్లలో ఉన్నవి? మగవారు పనుల కోసం దూర ప్రాంతాలకు పోవడం ఈ తీరానికి కొత్త కాదు. ఇప్పుడు ఆడవారు కూడ ఉద్యోగాలకు పోతున్నారు. చేతులు తగ్గినవి, బిడ్డ బరువు తగ్గలేదు.

ఆ రాత్రి సుశ్రుత సంహిత శారీరస్థానం పదవ అధ్యాయం తీసినాను. గురువుగారి యింట పదిహేనేండ్ల వయసులో వల్లె వేసిన భాగమే. అప్పుడు అక్షరం తప్పకుండా అప్పజెప్పడమే ధ్యేయం. అర్థం అరవై దాటిన తరువాత పట్టుబడినది. బిడ్డను దేహానికి సుఖంగా ఉండేటట్లు ఎత్తుకోవలెనని, నిద్రలో ఉన్నవానిని హఠాత్తుగా లేపి జడిపించరాదని, ఒక్క ఉదుటున పైకెత్తరాదని, వేళ కాకముందే కూర్చుండబెడితే వెన్ను వంగి గూని రాగలదని ఆచార్యుడు అక్కడ హెచ్చరించినాడు. చంక అనీ, ఊయల అనీ, సంచి అనీ ఆ మాటలలో లేదు. ఉన్న కొలమానం ఒక్కటే, బిడ్డ గాత్రసుఖం. ఇక పరికరాలంటే మన శాస్త్రానికి పడవనుకోవడం కూడ పొరపాటే. నడక రాని బిడ్డకు మూడు చక్రాల బండిని కాశ్యప సంహిత విధించినది. కనుక సంచి అయినంత మాత్రాన దానిని నిందించడం సరికాదనిపించినది.

ఇప్పుడు చంక సంగతి. తల్లి బిడ్డను నడుము మీదికి ఎక్కించుకొన్నప్పుడు ఏమి జరుగుతున్నదో గమనించండి. బిడ్డ తొడలు రెండు వైపులా విచ్చుకొని తల్లి నడుమును చుట్టుకొంటవి. మోకాళ్లు పిరుదుల కంటె కొంచెం ఎత్తున నిలుస్తవి, కప్ప కూర్చున్నట్లు. పసిబిడ్డ తుంటి కీలులో చాలా భాగం ఇంకా మెత్తని మృదులాస్థియే. తొడ ఎముక తల ఆ గిన్నెలో కుదురుగా కూర్చుంటేనే గిన్నె లోతుగా, గుండ్రంగా పెరుగుతుంది. కాళ్లు విచ్చుకొని మడిగి ఉన్న భంగిమలో అది బాగా కుదురుతుంది. కాళ్లను చాచి, జతచేసి బిగిస్తే పక్కకు జరగడానికి దారి ఏర్పడుతుంది. జపానులో పసిబిడ్డల కాళ్లను చాచి గుడ్డలతో బిగించే అలవాటు మానుకొమ్మని 1975లో దేశమంతటా ప్రచారం చేసినారు. ఆ తరువాత అక్కడ తుంటి జారిన బిడ్డల సంఖ్య బాగా తగ్గినది. బిడ్డలను కాళ్లు విప్పి వీపున కట్టుకొనే ఆఫ్రికా ప్రాంతాలలో ఈ వ్యాధి అరుదని అక్కడ పనిచేసిన వైద్యులు వ్రాసినారు. మందస, మెళియాపుట్టి కొండలనుండి సంతలకు దిగివచ్చే సవర స్త్రీలు బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకొని రావడం చూచి "పాపం, ఎట్లా కట్టివేసినదో" అని జాలిపడే పట్టణపు ఇల్లాండ్రు కొందరున్నారు. ఆ జాలి అనవసరం.

అంగళ్లలోని సంచులకు మూలం కూడ అటువంటి గుడ్డయే. ఆన్ మూర్ అనే అమెరికా దేశపు నర్సు 1960 దశకంలో ఆఫ్రికాలోని టోగోలో సేవ చేసి, అక్కడి తల్లులను చూచి, తన బిడ్డకు అటువంటిది తల్లిచేత కుట్టించుకొన్నది. అదే 'స్నగ్లీ' పేరుతో 1969లో పేటెంటు పొందినది. ఈనాడు విదేశాలలో బిడ్డను కట్టుకొనడానికి అమ్మే గుడ్డ పొడవు దాదాపు అయిదు మీటర్లు. మన చీర అయిదున్నర మీటర్లు. ఇక చెప్పేదేమున్నది?

కనుక క్యారియర్ ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది బిడ్డ కూర్చునే పట్టీ వెడల్పు. అది ఒక మోకాలి మడత నుండి రెండవ మోకాలి మడత వరకు తొడలను ఆనించి పట్టవలెను. గజ్జల మధ్య మాత్రమే సన్నని పట్టీ ఉండి, కాళ్లు గోడ గడియారం లోలకం వలె వ్రేలాడే సంచులు చవకగా దొరుకుతున్నవి. అట్టి సంచి ప్రతి బిడ్డ తుంటినీ చెరుపుతుందని నేననను. కాని తొలి ఆరు మాసాలలో, అందునా ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డల విషయంలో, కుటుంబంలో తుంటి దోషం ఉన్నవారి విషయంలో, దానిని నేను అంగీకరించను. బిడ్డ లోకం చూడవలెనని ముఖం బయటికి తిప్పి కట్టడం ఇప్పుడు ఒక వేడుక అయినది. మెడ గట్టిగా నిలువక ముందు ఆ పని అసలే కూడదు; నిలిచిన తరువాత కూడ కొద్దిసేపే. నిద్ర వచ్చిన వెంటనే లోపలికి తిప్పవలెను.

తుంటి తరువాత శ్వాస అని వ్రాయబోయి ఆగినాను. నిజానికి శ్వాసయే మొదటిది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక వేసవి మధ్యాహ్నం రెండు మాసాల బిడ్డను జోలె వంటి లోతైన సంచిలో వేసుకొని ఒక తల్లి, తోడుగా ఆమె అత్తగారు వచ్చినారు. కడుపునొప్పి బిడ్డకు, వాము కషాయం కోసం. "ఇప్పుడే నిద్రపోయినాడండీ, ఎంత చక్కని నిద్రో" అన్నది నానమ్మ. నేను వంగి చూచినాను. బిడ్డ దేహం విల్లు వలె వంగి, గడ్డం రొమ్ముకు హత్తుకొని ఉన్నది. పెదవుల రంగు నాకు నచ్చలేదు. మరు మాట లేకుండా చేయి పెట్టి గడ్డం పైకెత్తి, బిడ్డను బయటకు తీసినాను. ఒక పెద్ద ఊపిరి, ఆపైన ఏడుపు. నిద్ర చెడగొట్టినానని నానమ్మకు కోపం వచ్చినది. నిద్రిస్తున్న బిడ్డను హఠాత్తుగా లేపరాదన్న సుశ్రుతుని మాటను ఆనాడు నేను ఉల్లంఘించినాను. మరల అవసరమైతే మరల ఉల్లంఘిస్తాను. కషాయం ఇవ్వలేదు, వెంటనే పిల్లల వైద్యుని వద్దకు పంపించినాను. బిడ్డ క్షేమం.

పసిబిడ్డ శ్వాసనాళం మెత్తనిది, మెడ కండరాలు బలం లేనివి. గడ్డం రొమ్ముకు ఆనితే గాలి దారి నులిమినట్లు అవుతుంది, కేక కూడ బయటికి రాదు. అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల భద్రతా సంస్థ 2010లో ఇటువంటి జోలె సంచుల గురించి హెచ్చరిస్తూ, అంతకు ముందు ఇరవై ఏండ్లలో 14 మంది శిశువుల మరణాలను పేర్కొన్నది. వారిలో 12 మంది నాలుగు మాసాలు నిండనివారే. కనుక సంచి ఎంత ఖరీదైనదైనా సరే, మీరు తల వంచితే బిడ్డ ముఖం కనబడవలెను, నుదుటిని ముద్దాడగలిగినంత ఎత్తున ఉండవలెను, గడ్డానికీ రొమ్ముకూ మధ్య మీ రెండు వేళ్లు దూరవలెను, పైట చెంగు ముక్కుపై పడరాదు. సంచిలో ఉండగానే పాలిచ్చే తల్లులు పాలు తాగడం కాగానే బిడ్డను మరల పైకి జరుపుకోవలెను. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు అంగడి సంచి వద్దు. వారికి తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ ఉన్నది. కొలంబియాలోని బొగోటాలో 1978లో మొదలైన ఆ పద్ధతిని పుట్టిన వెంటనే ఆరంభిస్తే మరణాలు నాలుగవ వంతు తగ్గినవని, మన దేశంతో కలిపి అయిదు దేశాలలో జరిగిన పరీక్ష 2021లో చూపినది. దానిని ఆసుపత్రి వారి పర్యవేక్షణలో నేర్చుకోవలెను.

గుడ్డ విషయంలో మన తీరం వారు పరదేశపు బొమ్మలను చూచి మోసపోతున్నారు. దూది, స్పాంజి దట్టించిన సంచి చలి దేశంలో బిడ్డకు దుప్పటి. ఉప్పుగాలి, ఉక్కపోత గల సోంపేట, కవిటి, బారువలలో అది పొయ్యి. చెమటకాయలు, గజ్జలలో ఒరుపు, మెడ మడతలలో పుండ్లు ఎత్తుకొని వచ్చే బిడ్డలను ప్రతి వేసవిలో చూస్తున్నాను. ఒకే పొర నూలు గుడ్డ, దట్టమైన చేనేత నేత అయితే ఉత్తమం. పొందూరు సన్న ఖద్దరు గొప్పదే కాని అది పంచెలకు. బరువు మోయడానికి కొంచెం మొరటు నేత కావలెను. నైలాను, పట్టు, పాలియెస్టరు చీరలు ముడి జారుతవి. పాతబడి చీకిన చీరతో ఊయల కట్టినా, జోలె కట్టినా ప్రమాదమే. నూనె అంటి స్నానం చేయించిన బిడ్డ ఒళ్లు బాగా ఆరిన తరువాతనే కట్టుకోండి. పలాస, కాశీబుగ్గలలో జీడి పనికి వెళ్లే అమ్మలు మీకు తెలిసి ఉంటే ఒక మాట చెప్పండి: జీడిపిక్కల తోలులో ఉన్న నూనె చర్మాన్ని పొక్కించుతుంది. మన నల్లజీడికి అది దాయాదియే. పనిలో కట్టుకొన్న చీరతోనే బిడ్డను కట్టుకోరాదు. చేతులు సబ్బుతో కడిగి, చీర మార్చుకొన్న తరువాతనే ఎత్తుకోవలెను.

తల్లి దేహాన్ని మరచిపోయినాననుకోకండి. ప్రసవించిన తరువాత నెలన్నర వరకు ఆమెను సూతికగా మన శాస్త్రం భావించినది. ఆ కాలంలో పొట్ట కండరాలు, కటి కీళ్లు వదులై ఉంటవి. శస్త్రచికిత్సతో ప్రసవమైన వారికి నడుము పట్టీ సరిగ్గా కుట్టు మీద పడుతుంది; వైద్యుని అడగకుండా కట్టరాదు. ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తుకొని, కుడిచేత గరిటె తిప్పి, నలభై ఏండ్లకే నడుము పక్కకు వాలిన స్త్రీలు నా వద్దకు ఎందరో వస్తారు. చంక బిడ్డకు ఎంత మేలో తల్లికి అంత మేలు కాదు. ఇక్కడ మంచి క్యారియర్ చంకను మించుతుంది. రెండు భుజాల మీద వెడల్పాటి పట్టీలు, నడుము పట్టీ ఉన్నదైతే బరువు సమంగా పంచబడుతుంది. బిడ్డ ఏడాదికి పుట్టిన బరువుకు మూడింతలవుతాడు గదా. భర్త ఇంట ఉన్నప్పుడు అతనికీ సరిపడేలా పట్టీలు సర్దుబాటు కావలెను. కొనేటప్పుడు అతనికి కూడ కట్టి చూడండి. సిగ్గుపడితే పడనివ్వండి.

"ఎత్తుకొంటే చంక మరుగుతాడు" అని అత్తగార్లు అంటారు. కెనడాలో మాంట్రియల్ వైద్యులు 1986లో ప్రచురించిన పరీక్షలో, ఏడవకున్నా ఎక్కువసేపు ఎత్తుకొన్న బిడ్డలు ఆరవ వారంలో మిగిలినవారి కంటె 43 శాతం తక్కువ ఏడ్చినారు. అయినా అత్తగారి మాటలో ఒక పాలు నిజమున్నది. బోర్లపడడం, పాకడం నేలమీదనే వస్తవి. బిడ్డను నేలపై కూర్చుండబెట్టే వేడుకను మన బాలవైద్య గ్రంథాలు అయిదవ, ఆరవ నెలలకు చెప్పడంలో నేలకు బిడ్డను పరిచయం చేసే ఉద్దేశమున్నది. పగలంతా సంచిలో ఉన్న బిడ్డకు ఆ నేల ఎప్పుడు దొరుకుతుంది?

రెండు మాటలు కఠినంగానే చెప్పవలెను. క్యారియర్ కట్టుకొని పొయ్యి దగ్గరకు పోరాదు. తాలింపు చిట్లేది ముందుగా బిడ్డ మీదనే. స్కూటరు మీద అది రక్షణ కానే కాదు. నాలుగేండ్ల లోపు బిడ్డను మోటారు సైకిలుపై తీసుకొని పోతే ప్రత్యేకమైన భద్రతా పట్టీలు కట్టవలెనని, తొమ్మిది మాసాలు దాటినవారికి హెల్మెట్ ఉండవలెనని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2022లో ప్రకటించిన కేంద్ర నిబంధనలు 2023 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినవి. ఇచ్ఛాపురం నుండి పలాస వరకు జాతీయ రహదారిపై లారీల మధ్య గుడ్డ సంచిలో బిడ్డను వ్రేలాడదీసుకొని పోయే తండ్రులను చూస్తే నాకు వాతం, పిత్తం రెండూ ప్రకోపిస్తున్నవి.

క్యారియర్ అవసరం నాకు పూర్తిగా అర్థమైనది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన ఆ రాత్రి, చీకటిలో, విరిగిపడిన కొబ్బరి చెట్ల మధ్య, ఒక చేత ముసలి అత్తగారిని, ఒక చేత టార్చి లైటును పట్టుకొన్న ఒక తల్లి బిడ్డను చీరతో గుండెకు బిగించి కట్టుకొని మా వీధి చివరి పక్కా ఇంటికి చేరినది. బిడ్డ నిద్రపోతున్నాడు. మన ప్రాంతంలో ప్రతి ఇల్లాలు ఈ కట్టు నేర్చి ఉండవలెనని అప్పుడే అనుకొన్నాను.

నేర్చుకొనేటప్పుడు బిడ్డతో మొదలుపెట్టకండి. కొత్త సంచి గాని, చీర గాని, ముందుగా అయిదు కిలోల బియ్యపు మూట కట్టుకొని ఇల్లంతా ఒక గంట తిరగండి. వంగండి, మెట్లు ఎక్కండి, దిగండి. కుట్లు లాగుతున్నవేమో, బకిల్ జారుతున్నదేమో, భుజం నొక్కుతున్నదేమో అంతలోనే తెలుస్తుంది. ఆ ఉపాధ్యాయిని అట్లాగే చేసినది. మూట ఒకసారి ముడి జారి పడినదట. ఆ బియ్యంతోనే ఆ పూట వండినానని చెప్పి నవ్వినది.