తాత పేరు తగదా?



మొన్న చింతపల్లి నుండి ఒక యువకుడు ఫోను చేశాడు. ఆయనకు కుమారుడు జన్మించి ఐదు రోజులైంది. ఏడవనాడు అఖీఖా జరిపి, శిరోముండనం చేయించి, పేరు పెట్టాలి. ఇంట్లో మాత్రం మాట కుదరలేదు. మనవడికి తన భర్త పేరు మస్తాన్ అని పెట్టాలని దాదీ కోరిక. “అది ఇస్లామీ పేరు కాదంటున్నారు, నిజమేనా హజ్రత్?” అని అడిగాడు. అతని భార్య మొబైలులో వెదకి వేరొక పేరు ఎంచుకున్నది. దాని అర్థం స్వర్గపు వెలుగు అని అక్కడ వ్రాసి ఉన్నదట. నేను నిఘంటువులు తిరగవేశాను. అరబీలో గాని ఫార్సీలో గాని అటువంటి పదమే కనబడలేదు.

దాదీ వాదనలోనూ బలమున్నది. ఆమె భర్త గుంటూరు ప్రాంతం విడిచి, నర్సీపట్నం మీదుగా ఘాటు ఎక్కి, సంతల్లో బట్టలమ్మి నిలదొక్కుకున్నవాడు. ఆయన మరణించినా, చుట్టుపక్కల గిరిజనులు నేటికీ ఆ దుకాణాన్ని మస్తాన్ సాయిబు కొట్టు అనే పిలుస్తారు.

మస్తాన్ అనేది ఫార్సీ మాట. మత్తులో ఉన్నవారని దాని అర్థం; సూఫీలు దానిని దైవప్రేమలో మైమరచినవారికి వాడారు. గుంటూరులోని కాలే మస్తాన్ దర్గా, నెల్లూరు జిల్లా కసుమూరు దర్గాల మూలంగా ఆ పేరు మన తెలుగునేలపై ఇంటింటా నిలిచింది. హిందువుల్లో సైతం మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఉన్నారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మదరసా చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో నేను ఇటువంటి పేరునే ఒక ఇంట్లో మాన్పించాను. ఆ ముసలామె ఎదురు చెప్పలేదు, కన్నీళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనప్పుడు ఆ పేరు అరబీది కాదన్నది చూశానే గాని, అందులో దోషమేమిటని పరిశీలించలేదు.

దైవప్రవక్త (సఅసం) పేర్లు మార్చిన సందర్భాలు హదీసు గ్రంథాల్లో స్పష్టంగా ఉన్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె పేరుకు అవిధేయురాలని అర్థం వస్తుంటే, జమీలా అని మార్చారు. అల్లాహ్‌కు తప్ప ఇతరులకు దాసుడని చెప్పే పేర్లను మార్చారు. కానీ ఉమర్, ఉస్మాన్, హమ్జా అన్న పేర్లు ఇస్లాంకు పూర్వం విగ్రహారాధకులైన తండ్రులు పెట్టినవే. వాటి జోలికి వెళ్లలేదు. తమకు కుమారుడు కలిగినప్పుడు తమ పితామహుడైన ఇబ్రాహీం (అలైహిస్సలాం) పేరు పెట్టుకున్నారు. వంశంలోని పెద్దను తలచుకోవడం తప్పెలా అవుతుంది? అయితే బిడ్డను ఫలానా వలీ ప్రసాదించాడన్న నమ్మకంతో పెడితే అది వేరే సంగతి. సంతానమిచ్చేది అల్లాహ్ ఒక్కడే. దాదీ మనసులో ఉన్నది మొక్కు కాదు, భర్త జ్ఞాపకం.

అలాగని కోడలి మాట తోసివేయరాదు. హజ్రత్ మర్యంకు పేరు పెట్టినది ఆమె తల్లేనని ఖుర్‌ఆన్ చెబుతున్నది. అర్థమున్న పేరు ఆమెనే ఎంచుకోనివ్వండి, తాత పేరు దానికి జోడించండి అని సూచించాను. సాయంత్రానికి ఇబ్రాహీం మస్తాన్ అని నిశ్చయించుకున్నారు.

నమోదు గురించి కూడా హెచ్చరించాను. జననాన్ని 21 రోజుల్లోపు తెలియజేయాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. కనుక అక్షరం తప్పు పోకూడదు. మన పేర్లకు తెలుగులో మరొక చిక్కున్నది. ఐన్‌తో వ్రాస్తే అలీం అంటే జ్ఞాని, అలిఫ్‌తో వ్రాస్తే బాధాకరమైనది; తెలుగులో రెండూ ఒకటే. అందుకే ఇంట్లో ఒక కాగితంపై ఉర్దూలోనూ వ్రాసి ఉంచుకోవాలి. అబ్దుర్రహ్మాన్ అని పెట్టి ఉత్త రహ్మాన్ అని కేకవేసే అలవాటు కూడా మానాలి, ఆ నామం అల్లాహ్‌కే ప్రత్యేకం.

చివరికి దాదీ ఫోను అందుకున్నారు. పేరు గురించి మాట్లాడలేదు. “హజ్రత్, అఖీఖా మాంసం మన కొట్టుకు వచ్చే కొండవాళ్లకు కూడా పంచవచ్చా? ఆయనను ఎరిగినవాళ్లు వాళ్లే కదా” అన్నారు.

పంచవచ్చునమ్మా, తప్పక పంచండి అన్నాను.