అడ్డాకు విస్తరి

మొన్న ఇంట్లో వ్రతానికి విస్తళ్లు కొనబోతే, దుకాణదారు ముందు మెరిసే కాగితం పళ్లాలు చూపించాడు. "ప్లాస్టిక్ కాదండీ" అన్నాడు. గోటితో గీకితే సన్నటి పొర ఊడొచ్చింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధం. కాగితం చాటున ఆ పొర మాత్రం మన పంక్తి భోజనాలకు వస్తూనే ఉంది.

నాలుగు కొట్లు తిరిగాక, పుల్లలతో కుట్టిన మన్యం అడ్డాకులు దొరికాయి. చారు అంచు దాటకుండా అన్నంతో గట్టు కట్టడం పిల్లలకు నేర్పాల్సి వచ్చింది. అద్దె స్టీలు కంచాలు ఇంకా మేలంది మా ఆవిడ. కడిగేదెవరంటే ఇద్దరమూ మాట్లాడలేదు. తిన్న ఆకులు కొబ్బరిచెట్టు పాదులోకి వెళ్లాయి.

ఈ సంచిక నిండా ఇలాంటి వంటింటి, పెరటి సంగతులే.