మిగతా ఆరు రోజుల భక్తి

బొబ్బిలి చుట్టుపక్కల పల్లెల్లో కోతలు, నూర్పులు ముగిసి చేతికి కాస్త ఖాళీ దొరికితే సువార్త కూటాలు మొదలవుతాయి. పందిళ్లు వేస్తారు, మైకులు కడతారు, దూరప్రాంతాల నుంచి ప్రసంగీకులు వస్తారు. మూడు రోజులు ఊరంతా సందడి. ఇది మంచిదే. అయితే నాలుగో రోజు సంగతేమిటి? పందిరి విప్పేశాక ఆ భక్తి ఎక్కడికి పోతోంది? ఇది ప్రతి క్రైస్తవ కుటుంబమూ తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న. ఇరుగుపొరుగువారు పైకి అనకపోయినా మనసులో ఎప్పటినుంచో వేసుకుంటున్న ప్రశ్న కూడా ఇదే.

ఆత్మీయంగా ఎదగడమంటే ఏమిటని అడిగితే చాలామంది ఉపవాసం, రాత్రి ప్రార్థన, బైబిలు పఠనం అని చెబుతారు. వీటిని కాదనేవారు లేరు. కాని ఇవి ఆకుమడి వంటివి. ఆకుమడిలో నారు ఎంత పచ్చగా ఉన్నా పీకి పొలంలో ఊడ్చకపోతే గింజ రాదు. భక్తుని పొలం అతని నిత్యజీవితమే.

యేసుక్రీస్తు బోధ ప్రారంభించేనాటికి ఆయనకు సుమారు 30 ఏళ్లని లూకా సువార్త చెబుతోంది. అంతకుముందు కాలమంతా నజరేతు అనే చిన్న ఊళ్లో గడిచింది. ఆయన వడ్రంగి. ఆ ఏళ్ల గురించి సువార్తలు చెప్పింది కొద్దిగానే. తల్లిదండ్రులకు లోబడ్డాడని, జ్ఞానంలో ఎదిగాడని మాత్రం ఉంది. అంటే ఆయన ఎదిగింది ఇంట్లో, పనిలో, ఊరివారి మధ్యన. తర్వాత చెప్పిన ఉపమానాలూ అక్కడివే. విత్తనాలు చల్లే రైతు, పిండి కలిపే ఇల్లాలు, పోయిన నాణెం కోసం ఇల్లు ఊడ్చి వెదికే స్త్రీ, తప్పిపోయిన గొర్రె కోసం తిరిగే కాపరి, కూలీల కోసం బజారుకు వెళ్లిన తోట యజమాని. వీటిలో మన పల్లెలకు కొత్తది ద్రాక్షతోట ఒక్కటే.

బొబ్బిలి సంఘ చరిత్ర కూడా ఇదే చెబుతోంది. కెనడా బాప్టిస్టు మిషన్ 1879లో ఇక్కడ కేంద్రం ఏర్పాటు చేసింది. ఇక్కడ పనిచేసిన జార్జి చర్చిల్ దంపతులలో భార్య మెటిల్డా బాలికలకు బడి నడిపారు. ఆమె ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. భారతదేశంలోని నా ఇంటినుంచి రాసిన ఉత్తరాలు అని ఆ పుస్తకం పేరుకు అర్థం. ఆమె ఈ దేశాన్ని తన ఇల్లు అనుకున్నారన్నది గమనార్హం. ఆమె చేతిపని ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించడం. విశ్వాసం అలాంటి పనుల ద్వారానే ఊళ్లోకి నడిచి వచ్చింది.

ఇక మన సంగతి చూద్దాం. ఊడ్పుల రోజుల్లో కూలీకి వచ్చిన ఆడమనిషి సాయంత్రం డబ్బు కోసం గుమ్మం ముందు నిలబడుతుంది. "రేపు రా అమ్మా" అంటాం. మర్నాడు "సంతనాడు ఇస్తాను" అంటాం. ఫోనులో క్షణంలో డబ్బు వేయగల ఈ రోజుల్లో కూడా ఈ తిప్పడం పోలేదు. కూలివాని కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోరాదని లేవీయకాండము శాసించింది. కోత కోసినవారికి ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిని పడేలా మొరపెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరించింది. ఆ రాత్రి మనం ఎంతసేపు ప్రార్థించామన్నది ఆ తల్లికి అనవసరం. ఆమె పొయ్యి వెలిగిందా లేదా అన్నదే ఆమెకు తెలిసిన మన భక్తి.

గట్టు తగాదాలూ అంతే. ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకునే అన్నదమ్ములు జానెడు గట్టు కోసం కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. చెరువు మదుం దగ్గర వంతు తప్పించి రాత్రిపూట నీరు మళ్లించేవారున్నారు. కానుక అర్పించే వేళ సోదరునితో తగవు గుర్తొస్తే కానుకను అక్కడే వదిలి ముందు సమాధానపడాలని క్రీస్తు చెప్పాడు. ఇది చేయడానికి మూడు రోజుల కూటం అక్కరలేదు. అన్నగారి ఇంటి గుమ్మం దాకా నడిస్తే చాలు. కాని ఆ నడకే అన్నిటికన్నా కష్టం. అందుకే అది మనిషిని పెంచుతుంది.

ఇంట్లో పరీక్షలు ఇంకా సూక్ష్మమైనవి. కొడుకులు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో పనులకు పోయారు. కోడలు ఒక్కతీ పిల్లలను, మంచంపట్టిన అత్తగారిని చూసుకుంటోంది. తెల్లవారి లేచి అంబలి కాచి తాగించి, బట్టలు మార్చి, మధ్యలో విసుగును మింగుకుని మళ్లీ నవ్వుతూ పలకరిస్తోంది. కూటాలకు వెళ్లలేకపోతున్నానని ఆమె బాధపడుతుంది. నిజానికి ఆమెకు ఓర్పు, దయ నేర్పే బడి ఆ మంచం పక్కనే ఉంది. 17వ శతాబ్దంలో పారిస్ నగరంలో లారెన్స్ అనే సన్యాసి మఠం వంటశాలలో పనిచేసేవాడు. ఆరాధనలో ఉన్నట్టే గిన్నెల మధ్య కూడా దేవుని సన్నిధిలో ఉండవచ్చునని చెప్పినందుకే క్రైస్తవ లోకం ఆయనను ఈనాటికీ తలచుకుంటోంది. మన ఇళ్లలో అటువంటివారు ఎందరో ఉన్నారు. వారిని గుర్తించేవారే తక్కువ.

కష్టకాలం కూడా ఇలాంటి బడే. గోగు సాగు చేసిన పెద్దలకు ఒక సంగతి తెలుసు. గోగు కట్టలను చెరువులో ఊరవేసి కొన్ని రోజులు ఆగాలి. తొందరపడి తీస్తే నార ఊడదు, ఏమరుపాటుగా వదిలేస్తే కుళ్లిపోతుంది. కష్టాలలో నానే మనిషి కూడా అంతే. పక్కన కనిపెట్టి చూసేవారుంటే గట్టిపడతాడు, లేకపోతే చెడిపోతాడు. కనుక పంట పోయినవాడిని, అప్పులపాలైనవాడిని, ఆసుపత్రిలో ఉన్నవాడిని పలకరించడం సంఘానికి పక్కపని కారాదు.

ఇదంతా వింటే, అయితే ఇక గుడి ఎందుకని కొందరు అడగవచ్చు. దీనికి జవాబు మన బొబ్బిలి వీణలోనే ఉంది. గొల్లపల్లి పనివారు పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. 24 మెట్లనూ మైనం మీద ఒక్కొక్కటిగా స్వరం సరిచూసుకుంటూ నిలబెడతారు. ఇంత పనితనమున్నా శ్రుతి చేయని వీణ అపస్వరమే పలుకుతుంది. ఆదివార ఆరాధన శ్రుతి చేసుకోవడం. అది మానితే వారమంతా అపస్వరమే. అలాగని శ్రుతి చేసి మూల నిలబెట్టిన వీణ వల్ల ప్రయోజనమేమిటి? పాట సోమవారం మొదలు కావాలి.

కనుక సంఘ పెద్దలకు ఒక మనవి. సాక్ష్యాలు చెప్పించేటప్పుడు స్వస్థతలు, ఉద్యోగాలతో పాటు ఈ వారం ఎవరి బాకీ తీర్చారో, ఎవరితో రాజీపడ్డారో కూడా అడగండి. క్రిస్మస్‌కు కొత్తబట్టలు కొనేముందు పాలేర్ల, కూలీల లెక్కలు తేల్చమని చెప్పండి. తగాదాపడిన కుటుంబాలను ప్రభు భోజనానికి ముందే ఒకచోట కూర్చోబెట్టండి. వీటికి పందిరి ఖర్చు లేదు, మైకు ఖర్చు లేదు.

పల్లెల్లో బైబిలు చదివినవారు కొద్దిమందే. కాని బైబిలు చదివేవారిని ఊరంతా చదువుతోంది. కాటా దగ్గర, మదుం దగ్గర, కళ్లంలో రోజూ చదువుతోంది. అక్కడ తప్పు దొర్లకుండా చూసుకోవాలి.