కొల్లేరు మీద నుంచి మన అడుగు తీద్దాం!

ఏలూరు, కైకలూరు, గుడివాడ, బెజవాడ ప్రజలకు విజ్ఞప్తి



కైకలూరు పక్కన ఆటపాకకు వెళ్లి చూడండి. గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు పాతించిన స్టాండ్లవి. మనం ఫోటోలు తీసుకుని వచ్చేస్తున్నాం. చెట్లు ఏమయ్యాయని అడగడం లేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా అరవైకి పైగా కాలువలూ డ్రెయిన్లూ ఇందులోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. వచ్చిన నీటిని పట్టి ఉంచి, తేర్చి, నిదానంగా కిందికి వదలడం కొల్లేరు మనకు చేసిపెట్టే పని. కిక్కిస, తుంగ బురదను పట్టేస్తాయి. తొలకరి నీటికి మట్టగిడసలు, జెల్లలు ఎదురెక్కుతాయి. చేపను నమ్ముకుని గూడబాతు, నత్తను నమ్ముకుని నత్తగుల్లకొంగ, ఈ నీటినే నమ్ముకుని వలలు, మావులు వేసుకునే వడ్డీ కులంవాళ్లు బతికారు. చేప ఎదురెక్కే దారికి చేపల చెరువు గట్టు అడ్డం పడితే వీళ్లందరి కూడూ ఒక్కసారే పోతుంది.

గట్లు వేసింది ఎవరో పరాయివాళ్లు కాదు. 1970ల్లో పేదల సొసైటీలకని మొదలైన చేపల చెరువులు తర్వాత డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సార్ ఒప్పందం కింద కొల్లేరుకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు కొట్టేశారు. తర్వాత మళ్లీ లేచాయి. ఇప్పుడేమో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమంటున్నారు. అలా చేస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే!

2024 సెప్టెంబరు మరిచిపోయామా? బుడమేరుకు గండ్లు పడి బెజవాడలో వేల ఇళ్లు మునిగాయి. జనం మేడల మీద నిలబడి పాలప్యాకెట్ కోసం చేతులు చాచారు. ఆ బుడమేరు చివరికి చేరవలసింది కొల్లేరుకే. అక్కడ అడుగడుగునా గట్లుంటే వరద ఎక్కడ సర్దుకుంటుంది? కొంగకు చోటు లేకుండా చేసిన గట్టే మన వీధిలో నీటిని నిలబెడుతుంది.

కొల్లేరు ముఖం చూడనివాళ్ల అడుగు కూడా దాని మీద ఉంది. మన మరుగుదొడ్డి నీళ్లు, కవర్లు, ఫ్యాక్టరీల మురుగు, పొలాల్లో మోతాదు మించి చల్లిన మందులు డ్రెయిన్లు పట్టి అక్కడికే పోతున్నాయి. చుట్టూ నీళ్లున్న లంక గ్రామాలవాళ్లు తాగునీటికి డబ్బా కొనుక్కుంటున్నారు. ఇంతకన్నా సిగ్గు ఏముంది?

ప్రభుత్వాన్ని అడుగుదాం:

1. ఐదో కాంటూరును ఒక్క అడుగు కూడా తగ్గించొద్దు. లోపలి అక్రమ చెరువుల గట్లు తీసేయాలి.
2. ఐదో కాంటూరు లోపల సొంత పట్టా (జిరాయితీ) భూములున్న రైతులకు న్యాయమైన పరిహారం ఇవ్వాలి. వలలు, మావులతో పట్టుకునే వడ్డీలకు వేట హక్కు ఉండాలి. పేదవాడి పొట్ట కొట్టి కొల్లేరును కాపాడలేం.
3. ఉప్పుటేరు పూడిక తీయాలి. సముద్రపు ఉప్పునీరు ఎగదన్నకుండా రెగ్యులేటర్లు కట్టాలి.
4. శుద్ధి చేయని మురుగును ఏ ఊరూ, ఏ ఫ్యాక్టరీ డ్రెయిన్లోకి వదలకూడదు.

మన వంతు మనం చేద్దాం:

చేప కొనేటప్పుడు ఏ చెరువుదో, మేతగా ఏం వేశారో అడుగుదాం. కోళ్ల వ్యర్థాలతో పెంచిన చేప వద్దని ముఖం మీదే చెబుదాం. నీటికోడి మాంసం కొనొద్దు, వండొద్దు. చెత్త డ్రెయిన్లో వేసే చేతిని, అది మన ఇంటివాళ్లదైనా సరే, ఆపుదాం. కొత్త గట్టు లేస్తుంటే ఫోటో తీసి, తేదీ రాసి, కలెక్టరుకు, అటవీశాఖకు అర్జీ పెడదాం. ఒక్కరుగా వెళ్లొద్దు, పదిమందిగా వెళదాం.

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం. ఆ రోజు ఊరూరా పంచాయతీ ఆఫీసు ముందు, పట్నంలో వార్డు సచివాలయం ముందు కూడుదాం. పై నాలుగు డిమాండ్లు కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, రసీదు తీసుకుందాం. పిల్లల్ని తీసుకురండి. గూడబాతు ఇనుప కమ్మీ మీద కాక చెట్టు మీద గూడు కట్టడం వాళ్లు చూడాలి.

గట్టు తీయండి – కొల్లేరును బతకనివ్వండి!
ఐదో కాంటూరు – అంగుళం కూడా వదలం!
కొల్లేరు నిండితేనే మన కంచం నిండుతుంది!

ఇట్లు,
కొల్లేటి చేప తిని పెరిగినవాళ్లం

(చదివి పారేయకండి, పక్కింటివారికి ఇవ్వండి.)