చుట్టరికం చూశారు, తీర్పులూ చూడండి



జడ్జీల ఇళ్లలోంచే జడ్జీలు వస్తున్నారంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ అనుమానం ఊరికే పుట్టిందని అనను. కోర్టు వరండాల్లో ఆ గుసగుసలు నేనూ విన్నాను. కానీ వ్యాసకర్త వంశవృక్షం దగ్గరే ఆగిపోయారు. ఆ లెక్కన మా రాజమండ్రిలో పుట్టి, సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ దాకా ఎదిగిన కోకా సుబ్బారావు గారు మొదటి వడపోతలోనే పోయేవారు.

ఆయన వకీలు వృత్తి మొదలుపెట్టింది మామగారు పి. వెంకటరమణారావు నాయుడు గారి ఆఫీసులో. బాపట్లలో కొన్ని నెలలు మున్సిఫ్‌గా చేసి మళ్లీ ప్రాక్టీసుకే వచ్చేశారు. మామగారు హైకోర్టు జడ్జి అయ్యాక ఆయన కుమారుడు పి.వి. రాజమన్నార్‌తో కలిసి పనిచేశారు. 1948లో రాజమన్నార్ మద్రాసు హైకోర్టు చీఫ్ జస్టిస్. అదే ఏడు సుబ్బారావు అక్కడే జడ్జి! ఇవాళైతే టీవీల్లో వారం రోజులు ఇదే చర్చ.

మరి బెంచీ ఎక్కి ఎవరి మాట విన్నారు? ఖరక్ సింగ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో ఇరికి, సాక్ష్యం లేక బయటపడ్డ మనిషి. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. చౌకీదారో కానిస్టేబులో అర్ధరాత్రి తలుపు బాది, కేకలేసి లేపేవారు. ఊరు దాటాలంటే చౌకీదారుకు చెప్పి వెళ్లాలి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రి సోదాలను మాత్రం కొట్టేసి, మిగతా నిఘా ఉండొచ్చంది. గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. ఆరుగురు జడ్జీల్లో సుబ్బారావు, జస్టిస్ షా ఇద్దరూ దీనికి ఒప్పుకోలేదు. వెంట నీడలా పోలీసు ఉంటే ఆ తిరుగుడు స్వేచ్ఛ ఎలా అవుతుందన్నది సుబ్బారావు వాదన. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనంటూ ఆయన వైపే నిలిచింది. రౌడీషీట్ అనే మాట తెలిసిన మన ఊళ్లలో సుబ్బారావు గారి ఈ భిన్నాభిప్రాయం ఎందరికి తెలుసు?

ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదంటూ 1967లో ఆయన ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పు సంగతి అందరూ రాస్తారు కనుక వదిలేస్తున్నాను. 1967లోనే వచ్చిన సత్వంత్ సింగ్ తీర్పును మాత్రం అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింటివారూ చదవాలి. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టం. విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ఆపలేరని ఆయన తీర్పిచ్చారు. పాస్‌పోర్టు చట్టం ఆ తర్వాతే వచ్చింది.

ఒక్క విషయంలో ఆయన్ను వెనకేసుకురాను. 1967 ఏప్రిల్‌లో చీఫ్ జస్టిస్ పదవికి రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో జాకిర్ హుస్సేన్ మీద నిలబడి ఓడిపోయారు. గోలక్‌నాథ్ తీర్పు సిరా ఆరకముందే అలా చేయడం ఆయన తీర్పుల మీద గిట్టనివారు వేలెత్తడానికి సందిచ్చింది. అది మామగారింటి పలుకుబడి వల్ల జరిగింది కాదు, ఆయన సొంత నిర్ణయం.

కాబట్టి నా మనవి ఒక్కటే. హైకోర్టుకు కొత్త పేర్లు వచ్చినప్పుడు ఎవరి అల్లుడో, ఎవరి మేనల్లుడో తప్పక రాయండి. ఆ పక్కనే, వారు కింది కోర్టులో జడ్జీలైతే సర్కారుకు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పులు, వకీళ్లయితే ఎవరి తరఫున నిలబడి వాదించారో తెలుగులో అచ్చు వేయండి. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారి భిన్నాభిప్రాయంతో ఆ శీర్షిక మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయవాది,
రాజమహేంద్రవరం