కత్తి పట్టినవాళ్ళ పేర్లున్నాయి, కత్తి చేసినవాళ్ళ పేర్లేవి?

 పోస్టు కొంచెం పొడవైంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తప్పులుంటే సరిదిద్దండి.

మేం అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మన్యం పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న దసరాకి ఛార్జీలు దండగని మేం నలుగురం ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయాం. అలా చెడీ తాళింఖానా చూడటం కుదిరింది. తెలియనివాళ్ళకి చెప్తున్నాం, దసరాకి అమలాపురం వీధుల్లో కత్తులు, కర్రలు తిప్పుతూ ఊరేగింపు చేస్తారు. కళ్ళకి గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కొబ్బరికాయని కత్తితో ఒక్క వేటుకి నరుకుతారు. మనిషికి గీత కూడా పడదు. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. తాతల నుంచి మనవల దాకా నేర్పుకుంటూ వస్తున్న విద్య అది. దాన్ని ఇంత గౌరవంగా నిలబెట్టుకున్న ఊరిని మెచ్చుకోవాలి.

తిరిగొస్తుంటే క్లాస్‌మేట్ ఒకడు అడిగాడు, "మీవాళ్ళు ఇంకా బాణాలు పట్టుకునే తిరుగుతారా?" అని. వాడు చెడ్డవాడేం కాదు, సరదాకి అడిగాడు. మేం కూడా నవ్వేసి ఊరుకున్నాం. కానీ రాత్రి రూములో ఎవరికీ నిద్ర పట్టలేదు. మాలో ఒకడిది కమ్మర కులం. వాళ్ళ తాత ఊళ్ళో కొలిమి పెట్టినవాడు. వాడు ఒక మాటన్నాడు: "కత్తి తిప్పినోడికి ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ కత్తి చేసినోడెవడో ఒక్కరైనా అడిగారా?"

ఈ పోస్టు రాయించింది ఆ మాటే. మన ఆయుధాలు చూసి లోకం రెండే మాటలంటుంది. ఒకటి "వీరులు", రెండోది "అడవి మనుషులు". రెండిట్లోనూ చేతిపనికి చోటు లేదు. ఇనుము చేయడం ఒక శాస్త్రం. ఆ శాస్త్రం చదువురాని చేతుల్లో బతికింది. రాసిపెట్టేవాళ్ళు లేక పోయింది. ఇప్పుడు మనకి రాయడం వచ్చు కాబట్టి ఆ బాకీ మన మీదే ఉంది.

ముందు తెలంగాణలో నిజామాబాద్ వైపున్న కోనసముద్రం సంగతి చెప్పుకుందాం. అక్కడి కమ్మరులు ఇనుముని మట్టి మూసల్లో పెట్టి, మూతలు మట్టితో మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవాళ్ళు. అలా ఆ ఇనుము ఉక్కు అయ్యేది. అందులో కర్బనం నూటికి ఒకటిన్నర పాళ్ళు. ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మెత్తన. థర్మామీటరు లేదు, ల్యాబు లేదు. మంట రంగూ, తిత్తి ఊపూ చూసి చెప్పేవాళ్ళు. ఆ ఉక్కు ముద్దలే పర్షియా దాకా పోయి డమాస్కస్ కత్తులయ్యాయి. 1820ల్లో వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు కోనసముద్రం వచ్చి చూసి రాశాడు. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, దగ్గరుండి తూకాలు చూసుకుని ఉక్కు కొనుక్కుపోయేవాళ్ళట. ఫారడే అంతటి శాస్త్రవేత్త 1819లో ఈ ఉక్కుని పరీక్షించాడు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని "వూట్జ్" అన్నారు. అది మన "ఉక్కు" మాటే నోరు తిరక్క అలా అయిందంటారు. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు ఒక పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని చెప్పారు.

డాక్టరు పేరుంది, ఫారడే పేరుంది. మంట రంగు చూసి చెప్పినవాడి పేరు మాత్రం మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కోనసముద్రం వాళ్ళు మనవాళ్ళేనని గొప్ప చెప్పుకోవడం మా ఉద్దేశం కాదు. వాళ్ళు వేరు, మనం వేరు. కానీ వాళ్ళ కొలిమి ఆరిపోయిన కారణాలూ, మన కొండల్లో కొలిములు చల్లబడ్డ కారణాలూ చాలావరకు ఒకటే. ఓడల్లో చవకగా సీమ ఇనుము దిగింది. 1878లో ఆయుధాల చట్టం వచ్చి లైసెన్సు లేకుండా ఆయుధం చేసినా, అమ్మినా నేరమంది. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయ్యాక బొగ్గు ఎక్కడిది? బొగ్గు లేనిదే కొలిమి లేదు. చట్టం వచ్చి చేతిలో కత్తి లాక్కుందని మనం చెప్పుకుంటాం గానీ, కత్తి చేసే విద్యని కూడా లాక్కుందని ఎవరూ చెప్పరు.

ఇక మన మన్యం సంగతి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ళ మనుషులూ చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు. ఆ తర్వాత రెండ్రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో 26 తుపాకులు. ఒక్క చింతపల్లిలోనే 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయొనెట్లు, 1390 గుళ్ళు. ఏమేం తీసుకున్నారో స్టేషన్ రికార్డులోనే రాసి రాజు సంతకం పెట్టాడు. అంత లెక్కగా చేశారు. ఎందుకు తుపాకుల కోసం వెళ్ళారు? విల్లంబుకి చాటు కావాలి, దగ్గర కావాలి. రైఫిలు దూరం నుంచే కొడుతుంది. ఆ తేడా వాళ్ళకి బాగా తెలుసు. అడవి మనుషుల తెగింపు అని రాసేస్తారు గానీ అది లెక్క వేసుకుని చేసిన పని.

లాక్కున్న తుపాకుల లెక్క రికార్డుకెక్కింది. మరి అప్పటిదాకా వాళ్ళ చేతుల్లో ఉన్న బాణాల ములుకులూ, ఈటెలూ, గొడ్డళ్ళూ ఏ కొలిమిలో పుట్టాయి? ఎవరు సాన పట్టారు? ఆ లెక్క ఏ రికార్డులోనూ లేదు.

ఇదంతా పాత చరిత్ర కదా, ఇప్పుడెందుకు అని కొందరంటారు. ఇప్పుడే కావాలి. మా రూమ్మేట్ కుల సర్టిఫికెట్ కోసం వెళ్తే ఒక ఆఫీసులో, "కమ్మరి అంటే బీసీ కదా, నువ్వు ఎస్టీ ఎలా అవుతావ్?" అన్నారు. మూడుసార్లు తిప్పారు. ఎస్టీ జాబితాలో "కమ్మర" అని విడిగా ఉంది. మైదానంలో కమ్మరి వేరు, ఏజెన్సీలో కమ్మర వేరు. అదంతా చెప్పడానికి వాడి దగ్గర మాటలు లేవు, చూపించడానికి కాగితం లేదు. స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడుతుంటే వాడు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. మన చరిత్ర మనం రాసుకోకపోతే సర్టిఫికెట్ కాడ కూడా నోరు పెగలదని మాకు అప్పుడు అర్థమైంది.

ఇంకొంతమంది పెద్దలు వేరే మాటంటారు: "ఆయుధాల గొడవ మనకెందుకు, కేసులవుతాయి" అని. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని తేలిగ్గా తీసెయ్యం. కానీ మేం మాట్లాడేది కొలిమి గురించి. బాణం ములికి చేసిన కొలిమే నాగలి కర్రు చేసింది, కొడవలి చేసింది. ఈరోజు లారీ కమాను పట్టీ కాల్చి, సాగగొట్టి కత్తి చేసేవాడు కూడా అదే విద్య మీద బతుకుతున్నాడు. ఇక్కడ కోనసీమలో రోడ్డు పక్కన బొండాలు కొట్టే కత్తి చూసినప్పుడల్లా మాకు ఊళ్ళో కొలిమి గుర్తొస్తుంది.

అందుకే గ్రూపు సభ్యుల్ని రెండు అడుగుతున్నాం.

ఒకటి, సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊళ్ళో కొలిమి పెట్టిన పెద్దాయన దగ్గర ఒక పూట కూర్చోండి. ఫోన్లో రికార్డు చేయండి. తిత్తినీ, సుత్తినీ, దాగలినీ మన భాషలో ఏమంటారు, ఇనుపరాయి ఎక్కడ ఏరేవాళ్ళు, ఏ కర్ర బొగ్గు మంచిది, ఆయనకి ఎవరు నేర్పారు అని అడగండి. పెద్దాయన లేకపోతే ఆయన పేరైనా రాసుకు రండి.

రెండోది, ఆగస్టు 9న మన సభల్లో ప్లాస్టిక్ విల్లు పట్టుకుని డీజే ముందు ఫోటోలు దిగుతున్నాం. మేమూ దిగాం, కాదనట్లేదు. వచ్చే ఏడు ఆ స్టేజీ మీద ఒక కుర్చీ కొలిమి పెద్దాయనకి వేద్దాం. ఆయన చేసిన ములికి ఒకటి పిల్లల చేతికిచ్చి, ఎలా చేశాడో ఆయన నోటితోనే చెప్పిద్దాం.

మా రూమ్మేట్ ఫోన్లో వాళ్ళ నాన్ననడిగి తాత పేరు, ఆ తాత నాన్న పేరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాడు. ఇప్పటికి రెండు పేర్లు. మీ ఊరివి కింద రాయండి.

జోహార్.